లెక్కలో లేని గొంతుకు నీళ్లెక్కడివి?



వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గొప్పతనం మీదో, క్రమశిక్షణ మీదో వ్యాసం రాయడం ఆనవాయితీ. అవి రాయడానికి పెద్దలున్నారు. మేం ఈసారి నీళ్ల గురించి రాస్తున్నాం. అదీ ఇవాళ కుళాయిలో వచ్చే నీళ్ల గురించి కాదు. ఇంకో పాతికేళ్లకి మన పట్టణాలకు, మన తీరం ఊళ్లకు ఎన్ని నీళ్లు కావాలో ఇప్పుడే కూర్చుని వేసే లెక్క గురించి. ఆ లెక్కలో ఎవరిని కలుపుతున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు అన్నదే మా ప్రశ్న. మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. శ్రీకాకుళం జిల్లాలో మంచినీళ్ల కరువు నదుల వల్ల వచ్చింది కాదు, లెక్క వల్ల వచ్చింది.

ఇళ్లలో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటి తరం మాది. లెక్కలు వేసేవాళ్లు వేరే ఉంటారని, మనం బిందె పట్టుకుని వరసలో నిలబడటమే మన పని అని మన అమ్మానాన్నలు అనుకున్నారు. పీజీ దాకా చదివాక కూడా మనం అలాగే అనుకుంటే ఈ చదువెందుకు?

లెక్క ఎలా వేస్తారు?

ఇది పెద్ద బ్రహ్మవిద్య కాదు. హాస్టల్ వంటగదిలో రోజూ జరిగేదే. పొద్దున్నే హాజరు పట్టీ చూసి "ఈరోజు స్ట్రెంత్ ఎంత?" అని అడిగి బియ్యం కొలుస్తారు. పట్టీలో పేరున్నవాడికి అన్నం ఉంటుంది. రాత్రి బస్సుకి ఊరి నుంచి వచ్చినవాడి పేరు అందులో ఉండదు కాబట్టి వాడికి గిన్నె అడుగు మాడే గతి. ఊరి నీళ్ల లెక్కా అంతే. తేడా ఏమిటంటే, అక్కడ స్ట్రెంత్ రేపటిది కాదు, ముప్పై ఏళ్ల తరువాతది.

ఇంజనీర్లు గడచిన జనగణనల్లో జనాభా ఎంత పెరిగిందో చూస్తారు. అదే చొప్పున ముందుకు లాగి ముప్పై ఏళ్లకి ఎంత అవుతుందో అంచనా కడతారు. తలకి రోజుకి ఇన్ని లీటర్లని గుణిస్తారు. పైపుల్లో కారిపోయేదానికి కొంత కలుపుతారు. కేంద్ర ప్రభుత్వం 1999లో వేసిన నీటి సరఫరా మాన్యువల్ ప్రకారం భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకి 135 లీటర్లు, అది లేని పట్టణంలో 70 లీటర్లు. కారిపోయేది 15 శాతం మించకూడదు. పల్లెలకైతే 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ 55 లీటర్లు అంది.

తమ్ముళ్లూ, అదే మాన్యువల్‌లో ఇంకో పట్టిక ఉంది. పగటిబడికి పిల్లవాడికి 45 లీటర్లు. వంద పడకలు దాటిన ఆసుపత్రికి పడకకు 450 లీటర్లు. హాస్టల్‌కి తలకి 135 లీటర్లు. అవును, మనకి 135! వంద మంది ఉన్న హాస్టల్‌కి రోజుకి 13,500 లీటర్లు రావాలి. వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు పెట్టి, రోజుకి రెండుసార్లు నింపినా తలకి వచ్చేది 40 లీటర్లు. అందులోనే స్నానం, బట్టలు, దొడ్డి, కంచం కడుక్కోవడం, వంట. కరెంటు పోయి ఒకసారే నిండిన రోజున 20 లీటర్లు, అంటే ఒక్క బకెట్టు. ఇది ఏదో ఒక హాస్టల్ కథ కాదు కాబట్టి పేరు చెప్పక్కర్లేదు. బకెట్టు మీద పేరు రాసుకుని, ట్యాంకు నిండిన చప్పుడికి నిద్ర లేచినవాళ్లు ఈ సంచిక చదివేవాళ్లలో చాలామంది ఉంటారు. ఆడపిల్లల హాస్టళ్లలో ఈ కష్టం రెట్టింపు. నెలలో ఆ నాలుగు రోజులు నీళ్లు లేక ఇంటికి వెళ్లిపోయే చెల్లెళ్లున్నారు. దాన్ని బడిలో "గైర్హాజరు" అని రాస్తారు.

2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం చుక్క నీరు లేకుండా ఎండిపోయే దశకు వచ్చినప్పుడు, అక్కడ మనిషికి రోజుకి 50 లీటర్లు మించి వాడవద్దని ఆంక్ష పెట్టారు. ప్రపంచమంతా దాన్ని విపత్తు అంది. మన హాస్టళ్లలో అంతకంటే తక్కువతో ఏళ్లు గడిచిపోయాయి, ఎవరూ దానికి పేరు పెట్టలేదు.

నదుల్లో నీళ్లు లేవా?

"నీళ్లు లేవండీ, ఏం చేస్తాం" అన్న మాట మనం విని విని నమ్మేశాం. కాగితం మీద ఒకసారి వేసి చూద్దాం.

ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార నీళ్లను చెరిసగం పంచుకోవాలని 1962లో రెండు రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. నదిలో 115 టీఎంసీలని అంచనా, మన వాటా 57.5 టీఎంసీలు. దీని మీద 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో అది నివేదిక ఇచ్చింది. వంశధార పక్కనే నాగావళి ఉంది. ఉత్తరాన మహేంద్రతనయ, బాహుదా ఉన్నాయి. ప్రస్తుతానికి వంశధార ఒక్కదాన్నే తీసుకుందాం.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114. పల్లె, పట్నం తేడా లేకుండా అందరికీ రోజుకి 135 లీటర్లు ఇద్దాం. ఏడాదికి ఎంత? ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. లెక్క వేస్తే 4.7 టీఎంసీలు తేలుతుంది. 2001 నుంచి 2011 వరకు జిల్లా జనాభా 6.52 శాతం పెరిగింది. అదే చొప్పున పదేళ్లకోసారి పెంచుకుంటూ పోతే 2051కి సుమారు 34.8 లక్షలు. వాళ్లందరికీ 135 లీటర్లు ఇచ్చి, కారిపోయే 15 శాతం కూడా కలిపితే దాదాపు 7 టీఎంసీలు. మన వాటాలో ఎనిమిదో వంతు! హిరమండలం రిజర్వాయరు ఒక్కదాని నిల్వే సుమారు 19 టీఎంసీలు.

నది ఏడాది పొడవునా ఒకేలా పారదు, నిజమే. ఆగస్టులో గొట్టా బ్యారేజీ గేట్లెత్తి వదిలేసే వంశధారే ఏప్రిల్‌లో ఇసుక తిన్నెలా పడుంటుంది. నాగావళి ఒడ్డున ఊటబావులు తవ్వి పట్టణాలకు తోడే నీళ్లు, నదిలో ఇసుక ఉన్నంత వరకే ఊరతాయి. ఇసుక లారీలకెత్తి పంపేస్తే ఊట ఎక్కడిది? అందుకే ఏడాది మొత్తం ప్రవాహం చూసి "చాలినన్ని ఉన్నాయి" అనడం తప్పు. మార్చి నుంచి జూన్ దాకా ఎన్ని ఉంటాయో, వాటిలో తాగడానికి ఎన్ని దాచారో చూడాలి. ఇది నిల్వ, పైపు, ముందుచూపు సమస్య. దేవుడి సమస్య మాత్రం కాదు.

ఎవరిని లెక్కపెట్టారు?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 2001 నుంచి 2011 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 11 శాతం పెరిగితే శ్రీకాకుళంలో 6.52, విజయనగరంలో 4.23 శాతమే. మన దగ్గర పిల్లలు పుట్టలేదా? పుట్టారు. పెరిగి విశాఖకి, హైదరాబాద్‌కి, చెన్నైకి కూలికి వెళ్లిపోయారు. భావనపాడు లాంటి తీరం ఊళ్ల నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా బోట్ల మీద పనికి వెళ్లారు. వలస పోయినవాడు జనాభా అంకెల్లోంచి కూడా పోయాడు. ఆ తగ్గిన అంకెను చూసి "ఈ జిల్లా నెమ్మదిగా పెరుగుతోంది, ఇక్కడ పెద్ద పథకం అవసరం లేదు" అంటే ఎలా? బతుకు లేక వెళ్లిపోయినవాడికి నీళ్లు కూడా కోసేసినట్టే.

పైగా వాళ్లు శాశ్వతంగా పోలేదు. పడమటి తీరంలో వేట నిషేధం వేసవి చివర మొదలవుతుంది. వేరావల్ వెళ్లినవాళ్లు ఇల్లు చేరేది అప్పుడే. నుయ్యి అడుగంటి, బోరింగు దగ్గుతున్న రోజుల్లోనే ఊరు నిండుతుంది. పెళ్లిళ్లూ అప్పుడే. జనగణన మాత్రం ఫిబ్రవరిలో జరుగుతుంది. ఫిబ్రవరిలో ఖాళీగా ఉన్న ఇంటికి జూన్‌లో ఎంతమంది వస్తారో ఏ పట్టికలోనూ ఉండదు.

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. 2011 అంకెలనే ముందుకు లాగుతూ వచ్చారు. లాగే పద్ధతిని బట్టి కూడా అంకె మారుతుంది. పదేళ్లకోసారి ఇంత శాతం అని పెంచితే 2051కి 34.8 లక్షలు అన్నాం కదా, అదే పదేళ్లకోసారి ఇంతమంది అని కూడితే 33.65 లక్షలే. తేడా లక్షా పదిహేను వేల మంది. రోజుకి కోటిన్నర లీటర్లు పైచిలుకు. ఒక ఆఫీసులో ఒకరు ఒక సూత్రం ఎంచుకుంటే ఇచ్ఛాపురం, పలాస-కాశీబుగ్గ లాంటి రెండు మున్సిపాలిటీల గొంతు తడిపేటన్ని నీళ్లు ఉంటాయి, లేదా ఉండవు. ఇంత పెద్ద నిర్ణయం మనకి తెలియకుండా జరిగిపోతోంది.

తీరం సంగతి

సంతబొమ్మాళి మండలం, భావనపాడు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు నౌపడ ఉప్పు మడులు, తంపర. నీళ్ల మధ్య నీళ్లకి కరువు. ఇక్కడి ఇసుకలో చెలమ తవ్వితే పైపైన మంచినీళ్లు దొరుకుతాయి. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే దాని కింద సుమారు 40 అడుగుల మంచినీరు నిలబడుతుందని భూగర్భ జల శాస్త్రం చెబుతుంది. అంటే మోటారు పెట్టి పైన ఒక అడుగు తోడేస్తే, కింది నుంచి ఉప్పు 40 అడుగులు ఎగదన్నుకొస్తుంది. ఒకసారి ఉప్పు ఎక్కిన నుయ్యి మళ్లీ తియ్యబడటానికి ఏళ్లు పడుతుంది. అందుకే తీరానికి బోర్లు దారి కాదు, నది నీళ్లే దారి. వంశధార ఎడమ కాలువకి మనం శివారు. శివారు రైతుకి నీరు ఎప్పుడు అందుతుందో మన నాన్నలకి తెలుసు.

ఇప్పుడు ఆ తీరానికి పోర్టు వస్తోంది. మొదట భావనపాడు పోర్టుగా పేరుపడి, తరువాత మూలపేట పోర్టుగా మారిన దానికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. పోర్టు అంటే ఓడలొక్కటే కాదు. పనివాళ్లు, క్వార్టర్లు, లారీలు, లాడ్జీలు, హోటళ్లు, పక్కన పరిశ్రమలు. ఇవాళ పల్లె లెక్కన 55 లీటర్లు రాసిన చోట రేపు పట్టణమే మొలుస్తుంది. మేం పోర్టుకి వ్యతిరేకులం కాము. మా తమ్ముళ్లు వేరావల్ వెళ్లకుండా ఇక్కడే పని చేసుకుంటే మాకంటే సంతోషించేవాళ్లెవరు? కానీ పోర్టుకి ఎన్ని నీళ్లు, ఊరికి ఎన్ని నీళ్లు, రెండూ ఒకే పైపు నుంచా, వేసవిలో తగ్గితే ముందు ఎవరికి కోస్తారు అన్నది ఇప్పుడే రాతలో పెట్టాలి. సోంపేట బీల కోసం 2010లో, ఈ సంతబొమ్మాళి మండలంలోనే కాకరాపల్లి తంపర కోసం 2011లో జనం థర్మల్ ప్లాంట్లను ఎదిరించి నిలబడితే కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ముందు జనంతో మాట్లాడకుండా వేసిన లెక్క ఎక్కడికి దారి తీస్తుందో ఈ జిల్లాకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఉద్దానం చెప్పిన పాఠం

ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. నీళ్ల మీద అనుమానం మాత్రం మొదటి నుంచీ ఉంది. ఎన్నో ఏళ్ల ఆందోళనల తరువాత 2019 సెప్టెంబరులో శంకుస్థాపన చేసి, సుమారు 700 కోట్ల రూపాయలతో కట్టిన మంచినీటి పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఏడాదికి 1.12 టీఎంసీలు తెచ్చి ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని 807 ఊళ్లకు ఇవ్వాలన్నది ఉద్దేశం. మంచి పని, ఆలస్యంగానైనా జరిగింది. వంశధార నీటిని పైపులో తీరం దాకా తేవచ్చని అది రుజువు చేసింది.

అయితే ఆ ఏడు మండలాల జాబితాలో సంతబొమ్మాళి లేదు. వజ్రపుకొత్తూరు దాటి ఇవతలికి రాగానే మండలం పేరు మారుతుంది. ఇసుక మారదు, ఉప్పు మారదు. గీత కాగితం మీద గీశారు, నేల మీద లేదు.

ఇంకో సంగతి. ఒక్కసారి డయాలసిస్ చేయాలంటే సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి. ఒక్కో రోగికి వారానికి రెండు మూడుసార్లు అది తప్పదు. జబ్బు చేశాక ఆసుపత్రిలో నాలుగు గంటలకి 120 లీటర్లు ఖర్చు పెట్టే ప్రభుత్వం, జబ్బు రాకముందు ఇంట్లో రోజుకి 55 లీటర్లు ఇవ్వడానికి లెక్కలు చూసుకోవడం ఏం న్యాయం? ఇల్లు కాలుతున్నప్పుడు నుయ్యి తవ్వినట్టు కాదా?

పెద్ద ఊరి దాహం

నదికి పెద్ద ఊళ్లతో కూడా పేచీ ఉంది. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో గోస్తని నది మీద 1960లలో కట్టిన తాటిపూడి నీళ్లు విశాఖపట్నం తాగుతోంది. అవి చాలక ఎక్కడో ఏలేశ్వరం దగ్గరి ఏలేరు నుంచి కాలువలో తెచ్చుకుంటోంది. విజయనగరం పట్టణమేమో నెల్లిమర్ల దగ్గర చంపావతి ఊటల మీద ఆధారపడింది. 2023 మేలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది కాబట్టి ఆ చుట్టూ ఇంకో పట్టణం పెరగబోతోంది. ఒక్కో ఊరు తన అవసరం ఒక్కటే లెక్కవేసి నది దగ్గరికి వస్తుంది. నదికి మాత్రం అన్ని ఊళ్లూ ఒకేసారి వస్తాయి. అందుకే మున్సిపాలిటీల వారీగా విడివిడిగా వేసే అంచనాలు చాలవు. వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని, ఒక్కో నదీ పరీవాహకానికి మొత్తం లెక్క ఒకచోట ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశారు. నదులు విడిపోలేదు.

వాళ్లు అనే మాట

"వలస వెళ్లినవాళ్లకి, ఇంకా రాని పట్టణానికి పైపులు వేస్తే డబ్బు దండగ" అంటారు కొందరు. ఈ మాటలో కొంత నిజం ఉంది. అవసరానికి మించి పెద్ద పైపు వేస్తే నీరు కదలక నిలవ వాసన వస్తుంది. మోటార్ల కరెంటు బిల్లు చిన్న మున్సిపాలిటీ నడ్డి విరుస్తుంది. దానికి మా జవాబు: అన్నీ ఒకేసారి కట్టమనడం లేదు. నీటి వాటాను ఇప్పుడే రాసి పెట్టండి, పైపులను విడతలుగా వేయండి. పైపు పదేళ్ల తరువాత కూడా వేసుకోవచ్చు. వేరేవాళ్లకి రాసిచ్చేసిన నీటిని పదేళ్ల తరువాత వెనక్కి తేలేం.

మేం అడిగేది

ఒకటి. ప్రతి రిజర్వాయరులో తాగునీటి వాటాను విడిగా దాచాలి. తెలంగాణలో మిషన్ భగీరథ కోసం సాగునీటి ప్రాజెక్టుల్లో 10 శాతం నీరు తాగడానికి కేటాయించారు. పక్క రాష్ట్రంలో అయినది ఇక్కడెందుకు కాదు?

రెండు. అంచనాలను ఐదేళ్లకోసారి సరిచూడాలి, తెలుగులో ప్రకటించాలి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1997లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రాన్ని 16 ప్రాంతాలు చేసి, ఒక్కోదానికి 50 ఏళ్ల నీటి అవసరం లెక్కగట్టి, ఐదేళ్లకోసారి తిరగరాస్తారు. ముప్పై ఏళ్ల లెక్కను ఒకసారి వేసి బీరువాలో పెట్టి తాళం వేయడం మన పద్ధతి.

మూడు. హాస్టళ్లు, ఆసుపత్రులు, వలస కుటుంబాల వేసవి రాకపోకలు విడి వరుసలుగా లెక్కలో కనిపించాలి. హాస్టల్‌కి 135 లీటర్లని రాసినవాళ్లే వచ్చి ట్యాంకు కొలిచి చూడాలి.

నాలుగు. తుపాను రోజుల లెక్క వేరే ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు స్తంభాలు కూలి మోటార్లు ఆగిపోయాయి. పైపు ఉంది, ట్యాంకు ఉంది, చుక్క లేదు. జనరేటరు లేని మంచినీటి పథకాన్ని మన తీరంలో పథకం అనకూడదు.

మన వంతు

తమ్ముళ్లూ, ప్రభుత్వాన్ని అడగడంతో మన పని అయిపోదు. 2027 మార్చి 1 ప్రామాణికంగా జనగణన జరుపుతామని 2025 జూన్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. హాస్టల్లో ఉండేవాళ్లను హాస్టల్లోనే లెక్కపెడతారు. ఒక్క పేరు కూడా తప్పిపోకుండా చూసే బాధ్యత మనదే. ఊళ్లో అమ్మకీ నాన్నకీ ఫోన్ చేసి చెప్పండి, వేరావల్‌లో ఉన్న చిన్నాన్నకీ చెప్పండి. ఎక్కడుంటే అక్కడ లెక్కలో పడమనండి.

లెక్కల సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లు ఒక పని చేయండి. ట్యాంకు కొలతలు తీసుకోండి, రోజుకి ఎన్నిసార్లు నిండుతుందో నెలరోజులు నోటు పుస్తకంలో రాయండి, తలకి ఎన్ని లీటర్లో తేల్చండి. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు, టేపు చాలు. డిగ్రీకి వచ్చినవాళ్లు 2005 సమాచార హక్కు చట్టం కింద మీ మున్సిపాలిటీ 2051 అంచనా కాపీ అడగండి. సివిల్ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగాల్లో ఉన్న అన్నలు ఏడాదికోసారి వచ్చి ఆ కాపీ చదవడం నేర్పండి. వార్షికోత్సవానికి శాలువాలు కప్పించుకోవడం కంటే అది గొప్ప కానుక.

వచ్చే ఏడాది ఈ సంచికలో మన హాస్టల్ నీళ్ల లెక్క ఒక పేజీలో అచ్చు కావాలి. తేదీ, స్ట్రెంత్, ట్యాంకు, తలకి లీటర్లు. ఆ పేజీని మున్సిపల్ ఆఫీసు బల్ల మీద పెట్టి, మీ అంచనాలో మేం ఏ వరుసలో ఉన్నామో చూపించమని అడుగుదాం.